పులిని ఏ బల్ల మీద పెట్టాలి?

మూడేళ్ల కింద బోధనోపకరణాల మేళా ఒకటి జరిగింది. టీఎల్ఎం మేళా అంటాం మేము. మా బడి తరఫున నేను రెండు పటాలు పట్టుకుని పోయాను. ఒకటి వైకుంఠపాళి. రెండోది పులి-మేక. పాత ఫ్లెక్సీ వెనక భాగం మీద నాలుగు, ఐదో తరగతి పిల్లలు గీసినది. మేకలకు పదిహేను గులకరాళ్లు, పులులకు మూడు కుండపెంకులు ఒక గుడ్డసంచిలో కట్టి ఇచ్చారు.

పేర్లు రాసుకునే దగ్గర వైకుంఠపాళిని గణితం బల్ల మీద పెట్టమన్నారు. పులి-మేకను తిప్పి తిప్పి చూసి, "ఇది స్థానిక సంస్కృతి కిందికి వస్తది మేడం" అన్నారు. ఆ బల్ల మీద అప్పటికే ఒక అద్దాల కాంచళి, ఒక చాట, ఒక రోకలి ఉన్నాయి. వాటి పక్కన మా పులులు కూర్చున్నాయి. నేను తండా నుంచి వచ్చిన టీచర్ని కాబట్టి ఆ బల్ల నాకు సరిపోతుందని కూడా అనుకుని ఉంటారు. ఎవరూ చెడ్డ మనసుతో చేసిన పని కాదు. సాయంత్రం సర్దుకునేటప్పుడు ఐదో తరగతి పిల్లవాడు నన్ను ఒక మాట అడిగాడు. "మేడం, మన పులి లెక్కలల్లకు రాదా?"

వాడి ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆటలను ఎవరు, ఎట్లా, దేన్నిబట్టి జాతులుగా విడదీశారో తెలుసుకోవాలనిపించింది. ఈ వ్యాసం ఆ వెతుకులాటలోంచి వచ్చింది. నేను పండితురాలిని కాదు, టీటీసీ చదివి బళ్లోకి వచ్చినదాన్ని. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతాడు, వాడు ఫోన్లోకి పంపిన పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చదివినవాటితో నాకు కొంత ఒప్పుదల, కొంత పేచీ ఉన్నాయి.

ముందు పటం సంగతి చెప్పాలి. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోయే బీజాపూర్ రోడ్డు పొడుగునా మర్రిచెట్లు ఉంటాయి. రోడ్డు వెడల్పు పనులతో వాటి పేరు పేపర్లకెక్కింది కానీ, మా చిన్నప్పుడు అవి బస్సు కోసం ఆగే చోట్లు, అంతే. కూరగాయల గంపలు దించి, బస్సు వచ్చేదాకా మగవాళ్లు నేల మీద బొగ్గుతోనో సుద్దతోనో గీత గీసి ఆడేవాళ్లు. మా నాయన ఎప్పుడూ మేకల పక్కనే కూర్చునేవాడు. ఆడపిల్లలు ఆ గుంపులోకి పోకూడదు. గంప మీద చెయ్యేసి దూరం నుంచి చూసి నేర్చుకున్న ఆట నాది. ఇంటికొచ్చి పొయ్యిలోని బొగ్గుతో అరుగు మీద గీసి అన్నతో ఆడేదాన్ని. అరుగు పాడుచేసినందుకు దెబ్బలు కూడా తిన్నాను.

మా దిక్కు ఆడే పటం ఇట్లా ఉంటుంది. పైన ఒక కొన. కొన నుంచి కిందికి నాలుగు గీతలు విచ్చుకుంటాయి, అడుగున ఒక అడ్డగీత వాటిని కలుపుతుంది. ఆ కొండ మీదుగా మూడు అడ్డగీతల దీర్ఘచతురస్రం, రెండు పక్కలా కొండ దాటి బయటికి వస్తుంది. గీతలు కలిసే కూడళ్లు మొత్తం 23. పులులు 3, మేకలు 15. పులుల్లో ఒకటి కొన మీద, రెండు దాని కిందనే మొదలవుతాయి. మేకలవాడు ఒక్కో మేకను ఖాళీ కూడలిలో దించుతూ పోతాడు. పదిహేను మేకలూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులికి ఆ నియమం లేదు. అది మొదటినుంచీ కదులుతుంది, పక్కన మేక ఉండి దాని అవతల అదే గీత మీద ఖాళీ ఉంటే దూకి తింటుంది. మేక పులిని తినలేదు. మేకలవాడు గెలవాలంటే మూడు పులులకూ అడుగు కదిపే దారి లేకుండా చుట్టుముట్టాలి. వేరే ఊళ్లలో గీతలూ లెక్కలూ కొంచెం మారుతాయి, ఆట నడక మాత్రం ఇదే.

మేళా అయిన తర్వాత వారం ఈ పటాన్ని బళ్లో బోర్డు మీద గీసి, "ఏ కూడలికి ఎన్ని దారులు?" అని పిల్లలను లెక్కబెట్టమన్నాను. నాలుగు దారులున్న కూడళ్లు 13, మూడు దారులున్నవి 4, రెండే దారులున్నవి 6. అన్నీ కూడితే 76. ప్రతి గీతముక్కనూ రెండు కొసల నుంచి రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి సగం చేస్తే 38. ఒక పిల్లకు ఈ సగం మీద నమ్మకం కుదరలేదు. చాక్‌పీసుతో ఒక్కొక్క ముక్క మీద టిక్కు పెట్టుకుంటూ లెక్కేసింది, 38 అనే వచ్చింది.

తర్వాత అసలు ప్రశ్న వేశాను. "మేకను పులి ఎన్నడూ తినలేని చోటు ఏదన్నా ఉందా?" పులి దూకాలంటే మేకకు ఇటూ అటూ తిన్నగా గీత సాగాలి. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో గీత తిరిగిపోతుంది. కొండ అడుగున రెండు కొసల్లోనూ అంతే. కొన మీద గీతలన్నీ కిందికే పోతాయి, అవతలికి సాగే గీత లేదు. అంటే 23లో 7 చోట్ల మేకకు చావు లేదు. అందులో కొనను మొదటే పులి ఆక్రమించుకుని కూర్చుంటుంది కాబట్టి మిగిలేవి 6. మేకలేమో 15. మిగతా తొమ్మిదీ ఎట్లా బతకాలి? ఒకదాని వెనక ఒకటి నిలబడి బతకాలి. వెనక కూడలిలో ఇంకో మేక ఉంటే పులికి దిగడానికి చోటు ఉండదు. మా నాయన ఎప్పుడూ ముందు మూలలు నింపి, ఆ తర్వాత మూలల నుంచి లోపలికి జంటలు జంటలుగా ఎందుకు జరిగేవాడో నాకు నలభై దాటాక బోర్డు ముందు అర్థమయింది.

ఇంకో లెక్క. అన్ని మేకలూ బతికి ఉంటే పటం మీద 18 కాయలు, 5 ఖాళీలు. ఆ ఐదు ఖాళీలు పులులకు అందకుండా ఉంచగలిగితే గెలుపు. ఒక మేక పోతే ఖాళీలు 6, రెండు పోతే 7. చచ్చిన ప్రతి మేకా పులికి ఒక దారి విడిచిపోతుంది. నేపాల్లో ఇదే తీరు ఆట బాఘ్ చాల్ అని ఉంది. అక్కడ కూడళ్లు 25, పులులు 4, మేకలు 20. మేకలన్నీ బతికి ఉంటే ఒక్కటే ఖాళీ. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆటలో ఎవరూ గెలవరని కంప్యూటర్‌తో లెక్కగట్టి తేల్చారు. అంటే కాయల సంఖ్య, గీతల సంఖ్య ఎవరో తోచినట్టు పెట్టినవి కావు. ఆడి ఆడి, సరిచేసి సరిచేసి కుదిర్చినవి. బలవంతుడికి దూకుడు ఇచ్చారు, బలహీనుడికి సంఖ్య ఇచ్చారు. రెండింటి తూకం కుదిరేదాకా గీతలు మార్చారు. దీనికి రూపకల్పన అని కాకుండా వేరే పేరు నాకు తెలియదు.

ఇప్పుడు పుస్తకాల దగ్గరికి వస్తాను. ఈ విషయంలో అందరూ ముందు చెప్పే పేరు హెచ్.జె.ఆర్. మర్రే. ఇంగ్లండు ఆయన. తండ్రి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువుకు సంపాదకుడు. కొడుకు బడిపంతులుగా పనిచేసి తర్వాత స్కూళ్ల తనిఖీ అధికారి అయ్యాడు. (తనిఖీ అధికారులు ఆటల మీద పుస్తకాలు రాసే రోజులు కూడా ఉండేవన్నమాట.) 1913లో చదరంగం చరిత్ర రాశాడు. 1952లో చదరంగం కాని పటపు ఆటల చరిత్ర వచ్చింది. అందులో ఆయన ప్రపంచంలోని ఆటలను ఐదు కుప్పలు పోశాడు. కాయలను వరుసగానో ఒక ఆకారంలోనో పేర్చే ఆటలు, యుద్ధం ఆటలు, వేట ఆటలు, పరుగు ఆటలు, మంకాల ఆటలు. మంకాల అంటే గుంటల్లో గింజలు పంచుతూ పోయే ఆటలు, ఆఫ్రికా అంతటా ఉన్నాయి. మన ఓనగుంటలు, పుస్తకాల్లో వామనగుంటలు అనేవి, ఆ జాతివే.

మన ఆటలను ఈ ఐదు కుప్పల్లో వేసి చూస్తే చాలావరకు ఇమిడిపోతాయి. అది ఆ మనిషి గొప్పతనం, ఒప్పుకోవాలి. అష్టాచెమ్మా, పచ్చీసు, వైకుంఠపాళి పరుగు ఆటలు. దాడి ఆట వరుస ఆట. పులి-మేక వేట. ఓనగుంటలు మంకాల. కానీ ఒక్కొక్క కుప్పనూ కొంచెం కదిపి చూడండి.

దాడి ఆటలో ఒకదానిలో ఒకటి మూడు చతురస్రాలు, 24 కూడళ్లు, ఒక్కొక్కరికి 9 కాయలు. మూడు కాయలు వరుసలో పడితే దాడి. దాడి పడితే ఏమవుతుంది? ఎదుటివాడి కాయ ఒకటి లేచిపోతుంది. ఎదుటివాడికి రెండు కాయలే మిగిలితే ఆట ముగుస్తుంది. వరుస కట్టడం ఇక్కడ సాధనం, గెలుపు మాత్రం కాయలు తీసేయడంలో ఉంది. మర్రే దీన్ని సాధనం చూసి వరుస కుప్పలో వేశాడు. యుద్ధం ఆటలకు పేరు పెట్టేటప్పుడేమో గెలుపు చూసి పెట్టాడు. మంకాలకు వచ్చేసరికి సాధనం, గెలుపు రెండూ వదిలి, గుంటలు, గింజలు చూసి పేరు పెట్టాడు. మా పిల్లలను జంతువులను వర్గీకరించమంటే ఒకడు "పాలిచ్చేవి, గుడ్లు పెట్టేవి, మా ఇంట్లో ఉండేవి" అని రాశాడు. ఐదు కుప్పలున్నా కొలత ఒకటే అయితే వర్గీకరణ అంటాం. ఇక్కడ కొలతలు మూడు.

మంకాలనే ఎందుకు వేరుగా పెట్టాల్సి వచ్చిందో ఓనగుంటలు ఆడిన ఆడవాళ్లకు తెలుసు. అటు ఏడు, ఇటు ఏడు, 14 గుంటలు. గుంటకు ఐదు గింజల చొప్పున వేస్తే 70. చింతగింజలకు రంగు భేదం లేదు. ఏ గింజ నాది, ఏ గింజ నీది అనేది లేదు. నా గుంటలో ఉన్నంతసేపే నాది. పంచుతూ పోతే నీ గుంటలో పడుతుంది, తిరిగి నీ చేతిలోంచి నా దగ్గరికి వస్తుంది. మిగతా నాలుగు కుప్పల్లో ప్రతి కాయకూ యజమాని ఉన్నాడు. ఇక్కడ లేడు. మర్రేకు ఆ తేడా కనబడింది, అందుకే వేరు చేశాడు. కానీ దానికి పేరు పెట్టేటప్పుడు గుంటల దగ్గరే ఆగిపోయాడు. కాయకు యజమాని ఉన్నాడా లేడా అని మొదటి ప్రశ్నగా వేసి ఉంటే ఈ ఆటలు చివరి కుప్పలో కాకుండా మొదటి పేజీలో ఉండేవి.

పులి-మేక సంగతి చూడండి. వేట అన్నాడు. ఎవరు ఎవరిని వేటాడుతున్నారు? పేరు వినగానే పులి మేకను అనుకుంటాం. ఐరోపాలోని నక్క-బాతుల ఆటలో చాలామంది కలిసి ఒక్కదాన్ని ముట్టడిస్తారు. మన ఆటలోనూ చివరికి చిక్కవలసింది పులే. పులికి మేక తిండి, మేకలకు పులి బందీ. రెండు వైపులా వేటే, కానీ రెండు వేటలకూ గెలుపు వేరు, నడక వేరు, ఓపిక వేరు. ఇద్దరు ఆటగాళ్లు ఒకే పటం మీద రెండు వేర్వేరు ఆటలు ఆడతారు. చదరంగంలో, దాడిలో ఇద్దరి బలమూ సమానం. ఇక్కడ అసమానతే మొదలు, న్యాయం మాత్రం తప్పలేదు. ఈ సంగతిని వేట అనే ఒక్క మాట మింగేస్తుంది. మన భాష కూడా తక్కువ తినలేదు. చాలా ఊళ్లలో దీన్ని పులిజూదం అంటారు. గవ్వ లేదు, పాచిక లేదు, అన్ని కాయలూ కళ్ల ముందే ఉంటాయి, అదృష్టానికి సందు లేదు. ఏం జూదం? నేల మీద కూర్చుని ఆడే పేదల ఆటకు చూసేవాళ్లు పెట్టిన పేరేమో అనిపిస్తుంది నాకు.

డేవిడ్ పార్లెట్ 1999లో మర్రే ఐదింటిని సర్ది నాలుగు చేశాడు. పరుగు, చోటు, తరుము, తొలగింపు. ఇంగ్లిషులో ఆ నాలుగు మాటలకూ ప్రాస కుదిరింది. అందుకే జనానికి గుర్తుండిపోయిందని నా అనుమానం. దాని మీద ఎక్కువ చెప్పను.

ఫ్రాన్సు దేశపు రోజే కైయువా 1958లో వేరే దారి పట్టాడు. పటం చూడలేదు, ఆడే మనిషిని చూశాడు. మనిషి ఆటలో నాలుగు వెతుక్కుంటాడన్నాడు. పోటీ, అదృష్టం, వేషం, కళ్లు తిరిగే మైకం. నాకు ఇది చదవగానే నవ్వొచ్చింది. ఆ నాలుగోది మన ఒప్పులకుప్ప. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి పడిపోయే ఆట పటపు ఆటల పుస్తకంలో ఎక్కడా కనబడదు, ఈయన దగ్గర దానికి పెద్దపీట ఉంది. ఈ కొలతతో మేళాలో నా రెండు పటాలనూ పెట్టి చూశాను. వైకుంఠపాళిలో ఆటగాడు చేసే పని ఏమిటి? వేయడం, లెక్కబెట్టడం, జరపడం. నిచ్చెన ఎక్కాలా వద్దా అని ఎవరూ అడగరు. పాము నోట్లో పడకుండా తప్పుకునే తెలివి ఎవరికీ ఉండదు. మనిషి బదులు గాలి ఆడినా అదే ఫలితం. గడుల్లో 1, 2, 3 అని అంకెలు రాసి ఉన్నాయి కాబట్టి దాన్ని గణితం బల్ల మీద పెట్టారు. పులి-మేక మీద అంకెలు లేవు, గీతలే ఉన్నాయి. అందుకని సంస్కృతి.

వైకుంఠపాళిలో లెక్క లేదని నేను అనడం లేదు. ఒకటో తరగతికి కూడిక నేర్పడానికి పనికొస్తుంది. అయితే ఈ రెంటికీ మధ్యలో అష్టాచెమ్మా ఉంది, దాని విలువ మా ఉపాధ్యాయుల్లో చాలామందికి తెలియదు. నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. గవ్వ ఇటూ అటూ సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. వాటిలో ఆరింటికి రెండు, నాలుగింటికి ఒకటి, నాలుగింటికి మూడు, ఒక్కదానికి చెమ్మ, ఒక్కదానికి అష్టా. అరుదుగా పడేదానికే ఇంకో పందెం వేసే అవకాశం ఇచ్చారు. పడినదాన్ని ఏ కాయకు వాడాలో మాత్రం మన చేతిలో ఉంది. గవ్వలు దొరకని ఇళ్లలో చింతగింజలను పగలగొట్టి ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు చేసి వేస్తాం. ఆ గింజలు సమానంగా పడవు, ఏ గింజ ఎటు మొగ్గుతుందో ఇంట్లో ముసలమ్మలకు తెలుసు. ఏడో తరగతి వాళ్లతో సంభావ్యత చెప్పించడానికి ఇంతకంటే మంచి పరికరం నేను చూడలేదు.

ఈ చదువు మధ్యలో నన్ను నిలబెట్టిన అంకె ఒకటి ఉంది. మర్రే పుస్తకం 1952 నాటిది. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం రద్దయింది కూడా 1952లోనే. ఆ చట్టం కింద దేశంలో ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థుల జాబితాలో రాశారు. లంబాడీలం, ఎరుకలవాళ్లం ఆ రాతలు ఎట్లుంటాయో ఎరిగినవాళ్లమే. ఆ తర్వాత ఇంకో రకం జాబితాలు. 1956 నాటికి ఆంధ్ర ప్రాంతంలో మేము షెడ్యూల్డు తెగ. తెలంగాణలో కాదు. 1976 చట్టంతో ఇక్కడా అయ్యాం. ఆ ఇరవై ఏళ్లలో కృష్ణానది ఇవతలి తండాకూ అవతలి తండాకూ మాట మారలేదు, పండుగ మారలేదు, కాగితం మాత్రం వేరు. ఇప్పటికీ కర్ణాటకలో మావాళ్లు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. మా చిన్నమ్మ బీదర్ వైపు ఇచ్చిన బిడ్డ ఇంటికి పోతే, నేనూ ఆమే ఒకే పళ్లెంలో తిని రెండు జాబితాల్లో లేస్తాం.

మనుషుల జాబితా, ఆటల జాబితా ఒక్కటే అనడం లేదు. ఒకటి పొరపాటయితే మనిషికి సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, పాత రోజుల్లో పోలీసు హాజరు పడేది. రెండోది పొరపాటయితే ఒక ఫ్లెక్సీ పటం వేరే బల్ల మీద కూర్చుంటుంది. కానీ జాబితాలో బతికినవాళ్లకు ఒక అలవాటు వస్తుంది. ఏ జాబితా చూసినా ముందు, "ఇది ఎవరి పని కోసం రాశారు?" అని అడుగుతాం. మర్రే మ్యూజియంలో, ప్రయాణికుల రాతల్లో పడి ఉన్న ఆటలను సర్దడానికి రాశాడు. అందుకే ఆయనకు పటం ఆకారం, ఏ దేశంలో దొరికింది అన్నవి ముఖ్యం. ఎవరు ఆడారు, ఎవరిని ఆడనివ్వలేదు అన్న గళ్లు ఆయన పట్టికలో లేవు. మేళావాళ్లు బహుమతులు పంచడానికి రాశారు. మర్రిచెట్టు కింద నేను గంప మీద చెయ్యేసి నిలబడ్డ దూరం ఈ రెండు పట్టికల్లోనూ పట్టదు. మా తండాలో ఓనగుంటలు ఆడవాళ్లవి, పులి-మేక మగవాళ్లది. గీతల్లో ఆ తేడా ఎక్కడా లేదు. కూర్చునే చోటులో ఉంది.

ఈ మధ్య కంప్యూటరువాళ్లు ఇంకో పద్ధతి తెచ్చారు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో కామెరాన్ బ్రౌన్ అనే ఆయన బృందం పాత ఆటలను కుప్పలు పోయడం మానేసి, ఒక్కొక్క ఆటనూ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టింది. పటం ఏమిటి, కాయలెన్ని, ఎట్లా కదులుతాయి, ఎట్లా తింటాయి, ఎప్పుడు ముగుస్తుంది. అట్లా వందల ఆటలను లూడీ అనే ప్రోగ్రాములో రాసి పెట్టారు. ఈ పద్ధతిలో దాడి ఆటను వరుసలోనూ పెట్టొచ్చు, తొలగింపులోనూ పెట్టొచ్చు. ఒకే మనిషికి ఒకే జాబితా అనే బాధ లేదు. నాకు ఇదే నచ్చింది. దీనిలోనూ కూర్చునే చోటు సంగతి రాదు, కానీ రాయడానికి గది అయితే మిగులుతుంది.

ముక్కలుగా చూడాలి, పటం చూసి మోసపోవద్దు అనడానికి మొయినాబాద్ పిల్లలు ఆడే బిజినెస్ ఆట మంచి ఉదాహరణ. నేను ఉండేది మొయినాబాద్‌లో. 1996లో వచ్చిన 111 జీవో కింద గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు పది కిలోమీటర్ల లోపు 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఆంక్షలున్నా ఫాంహౌసుల గోడలు లేచాయి. 2022లో ఆ జీవో ఎత్తేస్తున్నామన్నారు. ఆ మాట వచ్చిన రోజు నుంచి మా వీధిలో చిన్నపిల్లలకు కూడా గజం ధర తెలుసు. ఫాంహౌసులో కాపలా ఉండే వాళ్ల పిల్లలు నలుగురు సాయంత్రం మా మెట్ల మీద బిజినెస్ ఆడతారు. పాచిక వేసి చుట్టూ తిరుగుతారు కాబట్టి మర్రే కొలతతో అది పరుగు ఆట. పరుగులో ముందు చేరినవాడు గెలవాలి కదా? ఇక్కడ చేరేది ఎక్కడికీ లేదు. తిరిగి తిరిగి, ఎదుటివాడి జాగలో కాలు పెట్టిన ప్రతిసారీ కిరాయి కట్టి, చివరికి ఒక్కడు మిగిలేదాకా ఆడటం.

ఈ ఆట పుట్టుక వింటే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో ఎలిజబెత్ మ్యాగీ అనే ఆమె 1904లో భూస్వామి ఆట అని పేటెంటు తీసుకుంది. భూమిని పట్టుకుని కూర్చున్నవాడు కిరాయితో మిగతావాళ్లను ఎట్లా దివాలా తీయిస్తాడో జనానికి చూపించడం ఆమె ఉద్దేశం. అదే పటానికి తర్వాత రెండు రకాల నియమాలు చేసింది. ఒక రకంలో ఒక్కడు అందరినీ మింగుతాడు. ఇంకో రకంలో భూమి వల్ల వచ్చినది అందరికీ చేరుతుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మొనాపలీ పేరుతో అమ్మింది మొదటి రకాన్నే. ఆమె చేతికి వచ్చింది 500 డాలర్లు. మన బిజినెస్ ఆట దాని బిడ్డ. ఒకటే పటం, ఒకటే కాయలు, నియమం మారగానే ఎదురుబొదురు ఆటలు రెండు! పటం చూసి జాతి చెప్పేవాళ్లు ఈ రెండింటినీ ఒకే కుప్పలో వేస్తారు. మా మెట్ల మీది పిల్లలతో రెండో రకం ఆడించి చూశాను. కిరాయి అంతా మధ్యలో పోసి, చుట్టు తిరిగిన ప్రతివాడికీ సమానంగా పంచమన్నాను. పదిహేను నిమిషాలకు ఒక పిల్ల, "ఇట్లయితే ఎవ్వరు గెల్వరు కదా ఆంటీ" అని విసుక్కుంది. వాళ్లలో చిన్నవాడు, ఎప్పుడూ మొదటే దివాలా తీసేవాడు, "ఇంకొంచెంసేపు ఆడుదాం" అన్నాడు.

ఇక మా బడి ప్రశ్నకు వస్తాను. పులి-మేకను ఏ బల్ల మీద పెట్టాలి? కూడళ్లు, దారులు, ఖాళీలు లెక్కబెడితే గణితం. దీన్ని గ్రాఫులు అనే పేరుతో పెద్ద చదువుల్లో చెబుతారట. మర్రిచెట్టు, గంప, నేల మీది బొగ్గు, దూరంగా నిలబడ్డ ఆడపిల్ల కలిస్తే సమాజం. నేను రెండు బల్లలూ కలిపి వేయమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఏమంటారో తెలుసు, "ఫారంలో ఒకటే గడి ఉంది మేడం" అంటారు. అందుకని ఈసారి ఫారంలో గణితం అనే రాశాను. పటం కింద పిల్లలు పెద్ద అక్షరాలతో 23, 38, 7 అని రాసి, ఈ అంకెలు ఏమిటో చెప్పండి అని చూసేవాళ్లకే ప్రశ్న పెట్టారు. అంకెలు కనబడితే గణితం బల్ల వాళ్లు తిప్పి పంపరని వాళ్ల ధీమా. నాకు నవ్వొచ్చింది, ఒప్పుకున్నాను.

ఆ రోజు ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. మొన్న బడి వదిలే వేళకు వచ్చి, "మేడం, మూల నుంచి లోపలికి ఒక్క ఏటవాలు గీత ఎక్కువ గీస్తే?" అన్నాడు. గీశాం. మూలకు ఇప్పుడు మూడు దారులు. గీత మూలలోనే ఆగిపోతుంది కాబట్టి మూలలో మేకకు ఇంకా చావు లేదు. అయితే మూల ఖాళీగా ఉంటే పులికి దూకి దిగడానికి కొత్త చోటు దొరికింది. రెండు వారాల నుంచి సాయంత్రాలు దాని మీదే ఆడుతున్నాం. ఇప్పటిదాకా మేకలు ఒక్కసారీ గెలవలేదు. ఒక్క గీతకు బదులుగా ఎన్ని మేకలు పెంచాలన్నది తేలలేదు. వాడు ఒకటి చాలంటాడు. నేను రెండంటాను.